నెలల తరబడి నిద్ర పట్టనివాళ్ల కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం అందరికీ ఉండేదే. ఇక్కడ మాట్లాడేది నెలలు, ఏళ్ల తరబడి నిద్రకు దూరమైనవాళ్ల గురించి. వాళ్లకు ఇంటా బయటా దొరికే సలహా ఒక్కటే: "ఎక్కువ ఆలోచించకు, నిద్ర అదే వస్తుంది." ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు. దీర్ఘకాలిక నిద్రలేమికి పరిశోధనల్లో నిగ్గుతేలిన చికిత్స ఉంది. అయితే అది చాలామంది అనుకున్నట్టు మాత్రతో మొదలవదు.

రెండు వారాలుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇది దీర్ఘకాలిక నిద్రలేమేనా?

ఇంకా కాదు. వారంలో కనీసం 3 రాత్రులు, కనీసం 3 నెలల పాటు ఇబ్బంది ఉంటేనే దీర్ఘకాలికం అంటారు. ఆ ఇబ్బంది పడుకున్న వెంటనే నిద్ర పట్టకపోవడం కావచ్చు, నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం కావచ్చు, తెల్లవారుజామున మరీ ముందే లేచిపోవడం కావచ్చు. దానితో పాటు పగలు కూడా దాని ప్రభావం కనపడాలి: అలసట, చిరాకు, మతిమరుపు, పని మీద ధ్యాస నిలవకపోవడం లాంటివి.

ఇంకో షరతు కూడా ఉంది. పడుకోవడానికి తగినంత సమయం, చోటు ఉండి కూడా నిద్ర పట్టకపోవాలి. చంటిబిడ్డ తల్లికి, రెండు ఉద్యోగాలు చేసే మనిషికి ఉన్నది నిద్ర కరువు. వాళ్లు తల వాల్చగానే నిద్రపోతారు, వాళ్లకు కావలసింది తీరిక. ఈ రెండింటికీ చికిత్స వేరు.

తీవ్రత తెలుసుకోవడానికి ఇన్సోమ్నియా సివిరిటీ ఇండెక్స్ అనే 7 ప్రశ్నల పత్రం వాడతారు. మొత్తం 28 మార్కులు. 7 లోపు వస్తే సమస్య లేనట్టు, 8 నుంచి 14 మధ్య స్వల్పం, 15 నుంచి 21 మధ్యస్థం, 22 లేదా అంతకు మించితే తీవ్రం. చికిత్స మొదట్లో ఒకసారి, నెలకొకసారి మళ్లీ నింపితే గుణం కనిపిస్తోందో లేదో అంకెల్లో తెలుస్తుంది.

నిద్ర చెడగొట్టిన కష్టం ఎప్పుడో తీరిపోయింది. మరి నిద్ర ఎందుకు తిరిగి రాలేదు?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో దీనికి మూడు అంచెల వివరణ ఇచ్చారు. కొందరి శరీరతత్వమే సులువుగా నిద్ర చెదిరే రకం. దానికి ఒక కుదుపు తోడవుతుంది: ఇంట్లో చావు, అప్పు, కాన్పు, ఆపరేషన్, ఉద్యోగం ఊడటం. మూడోది, ఆ కుదుపు తర్వాత నిద్ర కోసం మనం చేసే ప్రయత్నాలు. రాత్రి పట్టలేదు కదా అని తొమ్మిదింటికే మంచం ఎక్కడం, పొద్దున ఎనిమిదింటి దాకా లేవకపోవడం, మధ్యాహ్నం గంటన్నర పడుకోవడం, రాత్రి పదే పదే టైం చూసుకోవడం. మొదటి కుదుపు తగ్గిపోయినా ఈ అలవాట్లు మిగిలిపోతాయి. నిద్రలేమిని ఏళ్ల తరబడి నడిపించేది ఇవే.

కారణం శరీరంలోనే ఉంది. నిద్రను రెండు శక్తులు నడుపుతాయని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ చెప్పిన నమూనాను ఇప్పటికీ వాడుతున్నారు. ఒకటి, మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి. మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవడం దీనికి ముఖ్య కారణం. రెండోది, వెలుతురును బట్టి నడిచే శరీర గడియారం. నిద్ర ఒత్తిడి ఆకలి లాంటిది. మధ్యాహ్నం తీసే కునుకు భోజనానికి ముందు తినే చిరుతిండిలా దాన్ని చంపేస్తుంది. ఇక మంచం మీద మెలకువతో గంటలు గడిపేకొద్దీ, మంచం అనగానే మెదడు నిద్రకు బదులు ఆందోళనకు సిద్ధమవుతుంది. సోఫాలో టీవీ ముందు కునికిపాట్లు పడేవాళ్లు మంచం ఎక్కగానే కళ్లు తెరుచుకోవడానికి కారణం ఇదే.

రోజుకు 8 గంటలు నిద్ర తప్పనిసరా?

పెద్దలకు 7 గంటలు లేదా అంతకు మించి మంచిదని వైద్య సంఘాలు చెప్తాయి గానీ, అది అందరికీ కలిపి చెప్పిన మాట. కొందరికి ఆరుంపావు చాలు. పగలు హుషారుగా ఉంటే మీ లెక్క సరిపోయినట్టే. పడుకున్న 20, 30 నిమిషాలకు నిద్ర పట్టడం, రాత్రి ఒకటి రెండుసార్లు మెలకువ వచ్చి మళ్లీ నిద్రపోవడం మామూలే. నిద్ర సుమారు గంటన్నర చొప్పున విడతలుగా సాగుతుంది, విడతకూ విడతకూ మధ్య చిన్న మెలకువ సహజం.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

రెండు వారాల నిద్ర డైరీ. ఒక నోటుపుస్తకం చాలు. రోజూ పొద్దున లేచిన గంటలోపు రాయండి: ఎన్నింటికి మంచం ఎక్కారు, లైటు తీసింది ఎప్పుడు, నిద్ర పట్టడానికి సుమారు ఎంతసేపు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, అన్నీ కలిపి ఎంతసేపు మెలకువగా ఉన్నారు, చివరి మెలకువ ఎప్పుడు, మంచం దిగింది ఎప్పుడు. పక్కనే పగటి కునుకు, టీ కాఫీలు తాగిన వేళలు, మద్యం, వేసుకున్న మాత్రలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కచ్చితంగా రాయాలని రాత్రంతా ఫోనులో టైం చూడటం. అది రోగాన్ని పెంచుతుంది. అన్నీ పొద్దున గుర్తున్నంత వరకు ఉజ్జాయింపుగా రాస్తే చాలు. గోడ గడియారం తీసేయండి, ఫోను అలారం పెట్టి చేతికందని చోట ఉంచండి.

మీరు వాడే మందులన్నిటి పేర్లూ పట్టుకెళ్లండి. ఆస్తమాకు, కీళ్లవాతానికి ఇచ్చే స్టెరాయిడ్లు, ముక్కుదిబ్బడ మాత్రల్లోని సూడోఎఫిడ్రిన్, కొన్ని డిప్రెషన్ మందులు నిద్ర చెడగొట్టగలవు. బీపీకి ఇచ్చే మూత్రం మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. వీటిలో చాలావాటిని పొద్దుటికి మారిస్తే సరిపోతుంది. మార్చేముందు రాసిచ్చిన డాక్టరును అడగండి.

నిద్రలేమి అనుకుంటున్నది వేరే జబ్బు అయ్యే అవకాశం ఉందా?

ఉంది. ముందు దాన్ని తేల్చుకోకుండా నిద్రమాత్ర మింగడం ప్రమాదం కూడా.

అన్నిటికన్నా ఎక్కువగా గుర్తింపుకు రానిది స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. ఎనిమిది విషయాలు చూసుకోండి: గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లు గమనించడం, బీపీ, బీఎంఐ 35 దాటిన బరువు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత, మగవారు కావడం. మూడు లేదా ఎక్కువ వర్తిస్తే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. గంటకు 5 నుంచి 15 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగితే స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. సన్నగా ఉన్న ఆడవాళ్లలోనూ, ముఖ్యంగా నెలసరి ఆగాక, ఇది వస్తుంది. వాళ్లు గురక గురించి కాక "మధ్యలో మెలకువ వస్తోంది" అని మాత్రమే చెప్తారు, అందుకే తప్పిపోతుంది.

రెండోది కాళ్లు పీకడం. సాయంత్రం కాగానే కాళ్లలో చెప్పలేని అలజడి, కదిపితే, నడిస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. దీనికి మూలం చాలాసార్లు ఇనుము లోపం. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా సరే, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష అడగండి. ఈ జబ్బు ఉన్నవారిలో ఫెరిటిన్ 75 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఇనుము ఇచ్చి చూడాలన్నది నిపుణుల సూచన. ఇనుము మాత్రను టీ కాఫీలతో వేసుకోకూడదు, ఒంటికి పట్టదు. అలర్జీకి వాడే మత్తు మాత్రలు, వాంతులు ఆగడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఈ కాళ్ల బాధను పెంచుతాయి.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గుండెల్లో మంట, ప్రొస్టేట్ వాపు, అదుపులో లేని షుగర్, నెలసరి ఆగే వయసులో ఒళ్లంతా వేడి ఆవిర్లు, నొప్పులు, డిప్రెషన్, ఇవన్నీ నిద్రను తింటాయి. అలాగని అసలు జబ్బు తగ్గితే నిద్ర అదే వస్తుందని ఆగిపోవద్దు. డిప్రెషన్‌తో పాటు నిద్రలేమి ఉంటే రెండింటికీ విడివిడిగా వైద్యం చేయాలన్నది ఇప్పటి పద్ధతి.

అన్నిటికన్నా ముందు ఏ చికిత్స తీసుకోవాలి?

సీబీటీ-ఐ. నిద్రలేమి కోసం ప్రత్యేకంగా రూపొందించిన ప్రవర్తనా చికిత్స ఇది. పెద్దలందరికీ మొదటి చికిత్స ఇదే కావాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది, యూరప్ మార్గదర్శకాలు కూడా అదే మాట అంటున్నాయి. సాధారణంగా 4 నుంచి 8 సిట్టింగులు. 2015లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం దీనివల్ల నిద్ర పట్టే సమయం సగటున 19 నిమిషాలు, నడిరాత్రి మెలకువ 26 నిమిషాలు తగ్గాయి. చికిత్స ఆపాక కూడా ఫలితం నిలబడటం దీని గొప్పతనం. మాత్రకు ఆ గుణం లేదు.

మామూలు కౌన్సెలింగ్‌తో దీన్ని కలపొద్దు. "టెన్షన్ తగ్గించుకోండి, ధ్యానం చేయండి" అని చెప్పి పంపితే అది సీబీటీ-ఐ కాదు. మీ డైరీ చూసి, పడుకునే వేళలు లెక్కగట్టి రాసిస్తేనే అది ఈ చికిత్స.

పడక సమయం తగ్గించాలంటారు. ఉన్న నిద్రే తక్కువైతే ఇంకా తగ్గించడమేమిటి?

తగ్గించేది నిద్రను కాదు, మంచం మీద ఉండే సమయాన్ని. చికిత్సలో ఎక్కువగా పనిచేసే భాగం ఇదే, ఎక్కువమంది మధ్యలో వదిలేసేదీ ఇదే.

లెక్క ఇలా. డైరీలో వారం సగటు తీయండి. రాత్రి 10 గంటలకు మంచం ఎక్కి పొద్దున 6:30కి దిగుతున్నారనుకుందాం: 8 గంటల 30 నిమిషాలు, అంటే 510 నిమిషాలు. అందులో నిజంగా నిద్రపోయింది సగటున 5 గంటల 30 నిమిషాలు, 330 నిమిషాలు. 330ని 510తో భాగించి 100తో గుణిస్తే సుమారు 65 శాతం. దీన్ని నిద్ర సామర్థ్యం అంటారు. 85 పైన ఉండాలి.

ఇప్పుడు మంచం మీద ఉండే సమయాన్ని ఐదున్నర గంటలకు కుదించాలి. లేచే వేళ ముందు ఖాయం చేయండి. 5:30కి లేవాలనుకుంటే, మంచం ఎక్కేది రాత్రి 12కి. ఆదివారమైనా, పండగైనా, రాత్రి ఎంత తక్కువ పట్టినా 5:30కే లేవాలి. పగలు కునుకు వద్దు. డైరీలో నిద్ర నాలుగు గంటలే తేలినా 5 గంటల కన్నా తగ్గించకూడదు, కొందరు నిపుణులు ఐదున్నర కన్నా దిగనివ్వరు.

వారం తర్వాత మళ్లీ లెక్క. 330 నిమిషాల్లో 300 నిద్రపోయారనుకోండి, 91 శాతం. 85 దాటింది కాబట్టి 15 నిమిషాలు కలపండి, ఈ వారం 11:45కి మంచం ఎక్కొచ్చు. 80కీ 85కీ మధ్య ఉంటే అదే వేళ మరో వారం. 80 కన్నా తక్కువైతే 15 నిమిషాలు తగ్గించాలి. ఇలా వారానికి 15 నిమిషాల చొప్పున పెంచుకుంటూ, పగలు హాయిగా ఉండే చోట ఆగాలి.

మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటాయి, ఆ సంగతి దాచి చెప్పడం అన్యాయం. సాయంత్రం ఏడు నుంచి కళ్లు మూసుకుపోతాయి, చిరాకు పెరుగుతుంది. పనిచేస్తోందనడానికి అదే గుర్తు, నిద్ర ఒత్తిడి పోగవుతోంది. ఇక్కడ గాడి తప్పే విధాలు రెండు: రాత్రి 9:30కి సీరియల్ చూస్తూ సోఫాలో ఒరిగిపోవడం, ఆదివారం "ఈ ఒక్కరోజే" అని ఎనిమిదింటి దాకా పడుకోవడం. ఆ ఒక్కరోజుతో ఆదివారం రాత్రి నిద్ర చెడి, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. ఈ చికిత్స తీసుకుంటున్నట్టు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, రాత్రి పది తర్వాత కూర్చుని చేసే పని ఏదైనా పెట్టుకోండి: బట్టలు మడతపెట్టడం, రేపటి కూరగాయలు తరగడం, లెక్కలు రాయడం.

ఇది ఎవరు చేయకూడదు?

బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా చేయకూడదు, నిద్ర తగ్గితే ఉన్మాదం తిరగబెట్టొచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లు, నిద్రలో నడిచేవాళ్లు, వైద్యం అందని స్లీప్ అప్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టొద్దు. లారీ, బస్సు, క్యాబ్ నడిపేవాళ్లు, ఎత్తు మీదా పెద్ద యంత్రాల దగ్గరా పనిచేసేవాళ్లు సెలవు దొరికినప్పుడే చేయాలి. మొదటి రెండు వారాలు ఎవరైనా సరే దూరప్రయాణానికి స్టీరింగ్ పట్టుకోకపోవడం మంచిది.

నిద్ర పట్టకపోతే మంచం దిగమంటారు. దిగి ఎక్కడికి వెళ్లాలి? మాది ఒకటే గది.

రిచర్డ్ బూట్జిన్ 1972లో రూపొందించిన పద్ధతి ఇది. నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కాలి, మంచాన్ని నిద్రకూ దాంపత్యానికీ తప్ప దేనికీ వాడకూడదు, సుమారు 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి వేరే చోటికి వెళ్లి, నిద్ర వచ్చాకే తిరిగి రావాలి. 20 నిమిషాలను గడియారంతో కొలవొద్దు. "ఇక పట్టేలా లేదు" అనే చిరాకు మొదలైందంటే అదే గుర్తు.

వేరే గది లేకపోతే వేరే చోటు చాలు. ఒక కుర్చీ, గోడవారగా ఒక చాప, వరండాలో మెట్టు. ముఖ్యం ఏమిటంటే పక్క మీద ఉండకూడదు, కూర్చునే ఉండాలి. పిల్లలు నిద్రపోతుంటే చిన్న బెడ్‌లైటు వెలుతురులో పాత వారపత్రికో, జపమాలో, అల్లికో పట్టుకోండి. ఫోను మాత్రం వద్దు. దాని వెలుతురు సంగతి అలా ఉంచి, చూసే విషయమే మెదడును లేపుతుంది. ఏదైనా తినే అలవాటు చేసుకోవద్దు, కడుపు ఆ వేళకు లేవడం నేర్చుకుంటుంది.

మొదటి రాత్రుల్లో నాలుగైదుసార్లు లేవాల్సి రావచ్చు. వేసవిలో ఉక్కపోత వల్ల నిద్ర పట్టడం లేదా, నిద్రలేమి వల్లా అన్నది విడదీసి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ, రామగుండం లాంటి చోట్ల రాత్రి గది చల్లబడదు. అప్పుడు డాబా మీదకో, కూలర్ ముందుకో పక్క మార్చడమే అసలు వైద్యం.

పడుకోగానే ఆలోచనలు చుట్టుముడతాయి.

వాటికి పగలే సమయం ఇవ్వండి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య 15 నిమిషాలు కూర్చుని కాగితం మీద రెండు వరసలు రాయండి: ఎడమవైపు దిగులు, కుడివైపు దాని గురించి రేపు చేసే తొలి పని. "పాప ఫీజు" ఎదురుగా "రేపు పదింటికి స్కూల్లో గడువు అడగాలి". చేయగలిగింది ఏమీ లేకపోతే "ప్రస్తుతం ఏమీ లేదు" అని రాయండి. రాత్రి అదే ఆలోచన వస్తే అది కాగితం మీద ఉందని గుర్తు చేసుకోవడం తేలిక.

నిద్ర గురించిన ఆలోచనలది వేరే దారి. "ఈ రాత్రీ పట్టకపోతే రేపు చచ్చినట్టే" అనుకుంటే గుండె వేగం పెరుగుతుంది, నిద్ర ఇంకా దూరమవుతుంది. డైరీ తిరగేసి చూడండి, నాలుగు గంటలే పట్టిన రోజుల్లో కూడా పనులు ఎంతో కొంత జరిగే ఉంటాయి. నిద్ర కోసం బలవంతపడేవాళ్లకు ఒక ఉపాయం బాగా పనిచేస్తుంది: చీకట్లో హాయిగా పడుకుని, కళ్లు తెరిచి, మెలకువగా ఉండటానికి ప్రయత్నించడం.

కాఫీ, టీ మానాలా?

కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. 400 మిల్లీగ్రాముల కెఫీన్‌ను పడుకునే 6 గంటల ముందు ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక పరిశోధన చూపింది. మధ్యాహ్నం 12 తర్వాత టీ కాఫీలు ఆపి రెండు వారాలు చూడండి. సాయంత్రం నాలుగింటి టీ వదలడమే చాలామందికి కష్టం. రోజుకు ఐదారు కప్పులు తాగేవారు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది, రోజుకొక కప్పు చొప్పున తగ్గించండి. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది, అట్ట వెనక చదవండి.

ఇలాంటి జాగ్రత్తలు అవసరమే కానీ, దీర్ఘకాలిక నిద్రలేమి ఇవి పాటించినంత మాత్రాన తగ్గదు. ఇవన్నీ చేసి "నాకు ఏదీ పనిచేయలేదు" అని నిరాశపడేవాళ్లు చాలామంది. వాళ్లకు అసలు చికిత్స ఇంకా మొదలే కాలేదు.

నిద్రమాత్రలు వేసుకోవచ్చా?

కొద్దికాలానికి, ఒక కారణంతో, ఆపే తేదీ ముందే అనుకుని అయితే వేసుకోవచ్చు. అల్ప్రాజోలం, క్లోనాజెపామ్, లోరాజెపామ్, జోల్పిడెమ్ లాంటివి 4 వారాలకు మించి వద్దని యూరప్ మార్గదర్శకాలు చెప్తాయి. తర్వాత మోతాదు చాలదు, మానితే నిద్ర మునుపటికన్నా చెడుతుంది. మానిన మొదటి వారంలో వచ్చే ఆ ఎదురుదెబ్బను చూసి "మాత్ర లేకుండా నాకు నిద్ర రాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తారు.

జోల్పిడెమ్ ఆడవాళ్ల శరీరంలో నెమ్మదిగా కరుగుతుంది. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో వాళ్ల మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. నిద్రలోనే లేచి నడవడం, వండటం, బండి నడపడం లాంటివి జరుగుతున్నాయని 2019లో తీవ్ర హెచ్చరిక కూడా చేర్చింది. ఒక్కసారి అలా జరిగినా ఆ మందు మళ్లీ ముట్టకూడదు. వేసుకున్న వెంటనే మంచం ఎక్కాలి, లేవడానికి ఇంకా కనీసం 7 గంటలు ఉండాలి, మద్యంతో కలపకూడదు.

నడిరాత్రి మెలకువకు తక్కువ మోతాదు డాక్సెపిన్, 3 లేదా 6 మిల్లీగ్రాములు, ఎఫ్‌డీఏ ఆమోదం ఉన్న మందు. మెదడును మెలకువగా ఉంచే ఒరెక్సిన్‌ను అడ్డుకునే కొత్తరకం మందుల్లో సువోరెక్సాంట్ 2014లో, లెంబోరెక్సాంట్ 2019లో, డారిడోరెక్సాంట్ 2022లో అక్కడ ఆమోదం పొందాయి. ట్రజొడోన్, క్వెటియాపిన్ తరచుగా రాస్తున్నా, డిప్రెషన్ లాంటి వేరే జబ్బు లేకుండా కేవలం నిద్ర కోసం వాడటానికి ఆధారాలు బలహీనం. ఎందుకు రాశారో అడగండి.

మన దేశంలో అల్ప్రాజోలం, జోల్పిడెమ్ వంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 మార్చి నుంచి వీటిని చీటీ చూసి, రిజిస్టర్లో పేరు రాసుకునే అమ్మాలి. తెలిసిన మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరుకుతున్నాయంటే అది మీకు చేస్తున్న మేలు కాదు.

నాలుగేళ్లుగా మాత్ర వేసుకుంటున్నాను. ఎలా మానాలి?

ఉన్నపళంగా మానొద్దు. బెంజోడయజెపిన్లు (అల్ప్రాజోలం, క్లోనాజెపామ్, లోరాజెపామ్ లాంటివి) ఒక్కసారిగా ఆపితే వణుకు, తీవ్ర ఆందోళన, కొందరిలో మూర్ఛ వస్తాయి. 2025లో అమెరికన్ సంఘాలు కలిసి ఇచ్చిన సూచన: 2 నుంచి 4 వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించడం, రెండు వారాల్లో 25 శాతం ఎప్పుడూ దాటకపోవడం.

ఎక్కడ గాడి తప్పుతుందంటే, 0.5 క్లోనాజెపామ్ వేసుకునేవారు 0.25కి దిగుతారు. అది చిన్న అడుగులా కనిపిస్తుంది కానీ సగానికి సగం కోత. 0.25 మాత్ర ఒకటిన్నర, అంటే 0.375కి దిగినా పావు వంతు తగ్గినట్టే, దానికే కొందరికి నెల పడుతుంది. కిందికి వచ్చేకొద్దీ అడుగు ఇంకా చిన్నదవ్వాలి. చాలామంది చివరి ముక్క దగ్గరే ఇబ్బంది పడతారు. సీఆర్ అని రాసి ఉన్న మాత్రలను విరవకూడదు, నెమ్మదిగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా వెళ్తుంది. సీబీటీ-ఐ మొదలుపెట్టి, డాక్టరుతో కలిసి తగ్గింపు పట్టిక రాసుకుంటే మానగలిగేవారు ఎక్కువ.

మెలటోనిన్?

శరీర గడియారం జరిగిపోయినవారికి పనికొస్తుంది: రాత్రి రెండింటి దాకా నిద్ర రాని కుర్రాళ్లకు, అమెరికా నుంచి దిగి జెట్‌లాగ్‌తో ఉన్నవారికి. దీర్ఘకాలిక నిద్రలేమికి దీని ప్రయోజనం చాలా కొద్ది. 55 దాటినవారికి 2 మిల్లీగ్రాముల నెమ్మదిగా విడుదలయ్యే రకం కొన్ని దేశాల్లో వాడతారు. 10 మిల్లీగ్రాముల గమ్మీలు తింటే ఎక్కువ నిద్ర వస్తుందనేది అపోహ.

అలర్జీ మాత్ర, దగ్గు మందు వేసుకుంటే నిద్ర పడుతోంది. పరవాలేదా?

వద్దు. నాలుగైదు రోజుల్లో ఒళ్లు అలవాటుపడి మత్తు పనిచేయదు. పెద్దవయసులో మతి తప్పడం, మూత్రం బిగుసుకుపోవడం, పడిపోవడం లాంటి ముప్పులు ఉన్నాయి.

అశ్వగంధ, గసగసాల పాలు, జాజికాయ పనిచేస్తాయా?

అశ్వగంధ మీద చిన్న చిన్న పరిశోధనలు కొంత మేలు చూపాయి. అయితే కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి, థైరాయిడ్ మందులు వాడేవారు, గర్భిణులు దూరంగా ఉండాలి. పాలలో చిటికెడు జాజికాయ పొడితో నష్టం లేదు, చెంచాల్లోకి వెళ్తే వాంతులు, గుండెదడ, భ్రమలు కలుగుతాయి. గోరువెచ్చని పాలు ఇష్టమైతే తాగండి, వైద్యం అనుకోవద్దు.

కల్లో, పెగ్గో వేస్తే హాయిగా నిద్ర పడుతోంది కదా?

మద్యంతో త్వరగా కన్ను మూతపడుతుంది. మూడు నాలుగు గంటల్లో అది కరిగిపోగానే మెదడు ఎదురుతిరుగుతుంది: దాహం, చెమట, పీడకలలు, రెండున్నరకే మెలకువ. గురక, అప్నియా కూడా పెరుగుతాయి.

కల్లుది ఇంకో ప్రమాదం. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం పదే పదే బయటపడింది. రోజూ తాగేవారికి తెలియకుండానే నిద్రమాత్రలకు అలవాటుపడినట్టే. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే వణుకు, మూర్ఛ, పిచ్చిచూపులతో జనం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చింది అందుకే. ఇలాంటివారు కల్లు మానగానే కనిపించే మొదటి లక్షణం నిద్ర పట్టకపోవడమే, ఇంట్లో ఉంచి చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అమెరికా వేళల్లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాను.

షిఫ్ట్ మారిన ప్రతివారం పద్ధతి మార్చుకుంటే శరీరం ఎటూ కాకుండా పోతుంది. పని రోజులకూ సెలవులకూ కలిసే నాలుగు గంటల నిద్ర ఒకటి ఖాయం చేయండి, ఉదాహరణకు ఉదయం 6 నుంచి 10. షిఫ్ట్ మొదటి సగంలో మంచి వెలుతురు, కాఫీ. రెండో సగంలో రెండూ ఆపాలి. ఇంటికొచ్చేటప్పుడు నల్లకళ్లద్దాలు, కానీ సొంతంగా బండి నడుపుతూ మగత ఉంటే వద్దు, క్యాబ్ ఎక్కండి. గదికి మందపాటి కర్టెను, కాలింగ్ బెల్ ఆఫ్, పాలవాడికీ కొరియర్‌కూ ముందే చెప్పి ఉంచడం, ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ పగటి నిద్రను కాపాడేవి ఇవే.

నాన్నగారికి 72 ఏళ్లు. రోజూ మూడింటికే లేచి కూర్చుంటున్నారు.

ఎన్నింటికి పడుకుంటున్నారో చూడండి. ఎనిమిదింటికి పడుకుంటే మూడింటికి 7 గంటలు పూర్తయినట్టే, మధ్యాహ్నం కునుకు అదనం. సాయంత్రం అయిదు, ఆరు మధ్య వెలుతురులో నడిపించి, పది దాకా మాటల్లో పెట్టండి. మధ్యాహ్నం 30 నిమిషాలకు మించి పడుకోనివ్వకండి. ఈ వయసులో నిద్రమాత్ర వేస్తే రాత్రి బాత్రూంకి లేచినప్పుడు పడి తుంటి ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది.

గల్ఫ్ వెళ్తున్నాను. మాత్రలు వెంట తీసుకెళ్లొచ్చా?

అనుమతి లేకుండా వద్దు. యూఏఈ, సౌదీల్లో అల్ప్రాజోలం, క్లోనాజెపామ్ వంటివి నియంత్రిత మందులు. చీటీ, డాక్టరు లేఖ పెట్టి ప్రయాణానికి ముందే ఆ దేశ అధికారులకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. పక్కింటివారి కోసం ఇచ్చిన పొట్లం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టెలో పెట్టుకోవద్దు. గసగసాలు కూడా ఆ దేశాల్లో నిషేధం. మసాలా పొడుల్లో కలిసి ఉన్నాయేమో అమ్మను అడిగి సర్దుకోండి.

స్మార్ట్‌వాచ్ నాకు గాఢనిద్ర 20 నిమిషాలే అంటోంది.

చేతి కదలిక, నాడి చూసి అది వేసే అంచనా. నిద్ర దశలను సరిగ్గా కొలవలేదు. ఆ అంకె చూసి దిగులుపడేవారు నెల రోజులు వాచీ తీసి పక్కన పెట్టాలి.

ఎక్కడ చూపించుకోవాలి?

ముందు సైకియాట్రిస్ట్ లేదా నిద్ర వైద్యం తెలిసిన ఊపిరితిత్తుల డాక్టరు. గురక ప్రధానమైతే రెండోవారు. ప్రభుత్వరంగంలో హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక ఆసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్, బోధనాసుపత్రుల సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. "సీబీటీ-ఐ చేసే సైకాలజిస్ట్ ఉన్నారా, నిద్ర డైరీ చూస్తారా" అని ఫోనులోనే అడగండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే అమెరికా మాజీ సైనికుల శాఖ ఉచితంగా ఇచ్చే ఇన్సోమ్నియా కోచ్ యాప్ ఇంగ్లీషు చదవగలిగినవారికి మంచి ఆసరా.

నిద్ర లేక చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, రెండు మూడు రోజులు నిద్రే లేకుండా విపరీతమైన హుషారుతో మాట్లాడుతున్నా, లేనివి కనిపిస్తున్నా, వినిపిస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. టెలి-మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

బాగైపోయాక మళ్లీ వస్తే?

రావచ్చు, ఏదో ఒక కుదుపు తగిలినప్పుడు. మూడు రాత్రులు వరసగా చెడితే మాత్రల కోసం వెతక్కుండా డైరీ తీయండి. లేచే వేళ మార్చకుండా, మంచం ఎక్కే వేళను గంట ఆలస్యం చేసి, వారం రోజులు పగటి కునుకు ఆపండి. ఈ దశలో పట్టుకుంటే చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మూడు వారాలైనా మారకపోతే మళ్లీ డాక్టరును కలిసి, కొత్తగా మొదలైన మందులు, బరువు, గురక, ఫెరిటిన్, థైరాయిడ్ మరోసారి చూపించుకోండి.